మూత్రమున మంట: వేడియా, వ్యాధియా?

(భిలాయి సెక్టర్ 4లో తెలుగు ఉద్యోగుల కుటుంబముల సమావేశమున చదువబడిన ప్రసంగపాఠము)



సాంస్కృతిక సంఘముల వేదికలపై సాధారణముగా వినవచ్చునవి పద్యములు, పాటలు, నాటకములు. అట్టి వేదికపై మూత్రమును గూర్చిన ప్రసంగమా యని కొందఱు ముక్కుపై వేలు వేసికొనవచ్చును. అయినను, ఇంటిలో ఎవరును బిగ్గఱగా పలుకని విషయమును నలుగురిలో ఒకమాఱు పలికినచో, తరువాత ఇంటిలో పలుకుట కొంత సులభమగును. సంకోచమువలన ఆలస్యమును, ఆలస్యమువలన ఆపదయు కలుగు వ్యాధులలో మూత్రమార్గ వ్యాధులు ముందు వరుసలో నిలుచునవి.

తెలుగు ఇండ్లలో ఈ బాధకు ఒకే పేరు కలదు. మూత్రము పోయునపుడు మంట పుట్టినను, చుఱుక్కుమన్నను, చుక్కచుక్కగా దిగినను తల్లిగాని అత్తగారుగాని పలుకు మొదటి మాట "వేడి చేసింది" యనునదే. ఆ వెంటనే చికిత్సయు సిద్ధము. పలుచని మజ్జిగ, సబ్జాగింజల నీరు, బార్లీ నీరు, సగ్గుబియ్యపు జావ, దొరకినచో కొబ్బరిబొండము. శ్రీకాకుళము వైపు కుటుంబములలో చోడి అంబలి. ఛత్తీస్‌గఢ్ ఇరుగుపొరుగువారు తమ వంతుగా "బోరే బాసి" చెప్పుదురు. అది పేరు మార్చుకొన్న చద్దియన్నమే.

భిలాయి వంటి యూరిలో ఈ మాటను తోసివేయుట తగదు. 1955లో సోవియట్ దేశముతో ఒప్పందము కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన నాటినుండి ఈ యూరి జీవనమంతయు నిప్పు చుట్టును తిరుగుచున్నది. మే నెలలో వెలుపలనే 44 డిగ్రీలు తాకు దినములు కలవు. అట్టి దినమున కోకు ఓవెనుల కడను, ఫర్నేసు ముంగిటను పనిచేయువాని శరీరమునుండి గంటకు ఒక లీటరు చెమట పోయినను ఆశ్చర్యము లేదు. నీరు చెమటగా పోయినపుడు మూత్రపిండములు మిగిలిన నీటిని పొదుపు చేయును. మూత్రము తగ్గి, చిక్కబడి, ముదురు పసుపు వన్నె తాల్చును. అట్టి మూత్రము వెడలునపుడు కొంత మంట తోచవచ్చును. కడుపునిండ నీరు త్రాగిన కొన్ని గంటలకు రంగు తేలికపడి మంట మాయమగును. "వేడి" యను మాటలోని సత్యము ఇంతవఱకు.

ఈ సత్యమునకు ఒక హద్దు కలదు. నీరు చక్కగా త్రాగి, మూత్రము గడ్డిరంగునకు తేటపడిన తరువాతను మంట నిలిచియున్నచో దానిని వేడి యనుట తనను తాను మభ్యపెట్టుకొనుటయే. ఆరోగ్యవంతురాలైన స్త్రీ ఒకటి రెండు దినములు మజ్జిగతో వేచి చూచిన చూడవచ్చును. పురుషులు, గర్భవతులు, పసిపిల్లలు, చక్కెర వ్యాధి కలవారు ఆ రెండు దినములును వేచియుండరాదు. గుండెజబ్బుచేతనో మూత్రపిండముల బలహీనతచేతనో నీటిని మితముగా త్రాగుమని వైద్యునిచే చెప్పబడినవారికి బిందెలకొలది నీరు త్రాగుమను సలహా ఇచ్చుటయు ప్రమాదకరమే.

హద్దు దాటిన మంటకు అన్నింటికంటె సాధారణమైన కారణము సూక్ష్మజీవుల ప్రవేశము. థియోడోర్ ఎషెరిక్ అను పిల్లల వైద్యుడు 1885లో వర్ణించిన ఒక జీవి నేడు ఆయన పేరుమీదనే ఇ. కోలై యని పిలువబడుచున్నది. సాధారణ మూత్రాశయపు వ్యాధులలో నూటికి 75కు పైగా దాని పనియే. అది ప్రేగులలో కాపురముండునంత కాలము అపకారి కాదు. ప్రక్కయింట చొరబడినప్పుడే తగవు. స్త్రీల మూత్రద్వార నాళము 4 సెంటీమీటర్లు మాత్రమే, పురుషులలో దాదాపు 20. ఈ పొడవులోని భేదమే స్త్రీలకు ఈ బాధ ఎక్కువగా వచ్చుటకు ముఖ్య కారణము. స్త్రీలలో ఇంచుమించు సగము మందికి జీవితమున ఒక్కమాఱైనను ఇది వచ్చునని వైద్యుల లెక్క. కావున దీనిని శుచిత్వలోపమని ఆడువారిని నిందించుట అన్యాయము. క్రొత్తగా పెండ్లియైన వధువునకు ఈ బాధ కలుగుటయు వైద్యులకు చిరపరిచితమైన సంగతి. అది ఎవరి నడవడికకును మచ్చ కాదు. ఆ సమయమునందు మూత్రవిసర్జన చేసి పరుండుట మేలని మాత్రము చెప్పుదురు. శుచి పేరిట పరిమళపు సబ్బులను, క్రిమిసంహారక ద్రవములను ఆ భాగములకు వాడుట మేలు చేయదు. కొన్ని వేళల మంటకు మూలము ఆ ద్రవమే. ముట్లుడిగిన స్త్రీలలో లోపలి పొర పలుచబడి పొడియారుటవలన కూడ మంట కలుగును. దానికి వేఱు మందు కలదు.

లక్షణములు తెలిసికొనుట కష్టము కాదు. వెళ్ళి వచ్చిన పది నిమిషములకే మరల వెళ్ళవలెననిపించును, వెళ్ళినచో నాలుగు చుక్కలు. పొత్తికడుపున బరువు, మూత్రమున మబ్బు, వాసన, ఒక్కొక్కపుడు నెత్తురుజీర.

నీరు త్రాగకుండుటయు, వచ్చినదానిని బిగబట్టుటయు ఈ జీవులకు నిలువనీడ నిచ్చుటయే. దుర్గు స్టేషనులో విశాఖపట్టణము రైలెక్కు స్త్రీలలో ఎందఱు ప్రయాణమంతయు గొంతు తడుపుకొని ఊరకుందురో లెక్కించువారు లేరు. రైలుపెట్టెలోని మరుగుదొడ్డి స్థితి అట్టిది. మిల్లులో ఎత్తున క్రేను క్యాబినులో కూర్చున్నవాడు, దిగి మరల ఎక్కుట కష్టమని షిఫ్టు సగము గడచువఱకు నీటిసీసా మూత తీయడు. ఇట్టివారికి అమ్మమ్మ మజ్జిగయే విజ్ఞానశాస్త్రము. 2018లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, మాటిమాటికి ఈ వ్యాధి వచ్చుచు తక్కువ నీరు త్రాగు అలవాటు గల 140 మంది స్త్రీలను తీసికొని, సగము మందిచేత దినమునకు లీటరున్నర నీరు అదనముగా త్రాగించిరి. ఏడాదిలో వారికి వ్యాధి తిరుగబెట్టిన పర్యాయములు రెండవ పక్షమువారి వానిలో ఇంచుమించు సగమే. అయితే ఇది రాకుండ కాపాడుకొను మార్గము. పాతుకొన్న వ్యాధిని మజ్జిగ కడిగివేయజాలదు.

పాతుకొన్నది క్రింద మూత్రాశయముననే యుండదు. పైకి మూత్రపిండమునకు ప్రాకును. అప్పుడు చలితో కూడిన జ్వరము, ప్రక్కటెముకల క్రింద వీపున ఒకవైపు నొప్పి, వాంతులు. విషము నెత్తురున కలిసినచో ప్రాణమునకే ముప్పు. జ్వరము 38 డిగ్రీలు, అనగా ఫారెన్‌హీటు మానమున 100.4 దాటి, వణకు పుట్టి, నడుము ప్రక్కన నొప్పియున్నచో ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. వాంతులచేత మాత్ర నిలువనిచో, మాట తడబడుచున్నచో, మగత క్రమ్మినచో గంటలు లెక్కపెట్టరాదు. గర్భవతుల విషయము మఱింత సున్నితము. వారిలో మంట లేకయే మూత్రమున సూక్ష్మజీవులు ఉండవచ్చును. విడిచిపెట్టినచో మూత్రపిండమునకు ప్రాకుటయు, నెలలు నిండక ముందే కాన్పగుటయు జరుగవచ్చును. అందుచేతనే నొప్పి లేకున్నను మూత్రపరీక్ష చేయుదురు. దానిని వృథా ఖర్చని తప్పించుకొనరాదు. పసిబిడ్డకు మంట అని చెప్పుటకు మాట లేదు. కారణము తెలియని జ్వరము, పాలు మానుట, మూత్రము పోయునపుడు గుక్కపట్టి ఏడ్చుట, ఇవియే బిడ్డ భాష.

భాష యనుటతో, ఈ సభకు ప్రత్యేకముగా చెందిన విషయమొకటి వచ్చుచున్నది.

సెక్టర్ 4లో ఏదేని ఒక క్వార్టరును ఊహింపుడు. టెక్కలి ప్రాంతపు పల్లెనుండి తల్లి కుమారుని యింటికి వచ్చినది. వయస్సు అఱువది దాటినది. చక్కెర వ్యాధి కలదు. హిందీ రెండు మాటలకు మించి రాదు. మూడు దినములుగా మంట. కోడలితో చెప్పవలెనని యున్నది, కాని కోడలు పగలంతయు ఉద్యోగమున నుండును. మనుమరాలు పదవ తరగతి పిల్ల. దానితో చెప్పుట యెట్లు? తుదకు ఒళ్ళు వెచ్చబడినపుడు కుమారుడు షిఫ్టు ముగించుకొని వచ్చి ఆమెను వైద్యుని కడకు తోడ్కొని పోయెను. వైద్యుడు హిందీలో ప్రశ్నించును, కుమారుడు తెలుగులో అడుగును: "ఏమవుతోందమ్మా?" కన్నకొడుకు ముఖము చూచి ఆ తల్లి చెప్పగలిగినది ఒక్కటే: "నడుం నొప్పి నాయనా." కుమారుడు దానిని "కమర్ దర్ద్" అనెను. నడుము నొప్పికి తగిన మాత్రలు వ్రాయబడినవి. అనువాదమున ఒక్క అక్షరమైన తప్పు లేదు. అసలు వ్యాధి మాత్రము ఇద్దఱి మాటలలోను ఎక్కడను రాలేదు. మూడవ రాత్రి ఆమెకు వణకు పట్టెను.

తెలుగువారు ప్రవాసమున్న ప్రతి పట్టణమునను ఇది జరుగదగినదే. దీనికి మార్గము కష్టసాధ్యము కాదు. హిందీ తెలిసిన స్త్రీ యొకతె, కోడలు కాకున్న పొరుగింటావిడ, పెద్దామె వెంట లోపలికి పోయినచో చాలును; కుమారుడు వెలుపల బల్లపై కూర్చుండుటయే ఆనాటి మాతృసేవ. అట్టి తోడు దొరకనిచో చీటీపై వ్రాసి ఈయవచ్చును. "పేషాబ్ మే జలన్" అనగా మూత్రమున మంట, "బుఖార్" జ్వరము, "ఠండ్ లగ్ రహీ హై" అనగా చలి పుట్టుచున్నది, "ఖూన్" నెత్తురు. ఎన్ని దినములనుండి, జ్వరము కలదా, చక్కెర వ్యాధి కలదా, ఏ మందులు వాడుచున్నారు, ఏ మందు పడదు, ఈ అయిదు సంగతులు చీటీలో నున్నచో వైద్యునికి సగము పని తగ్గును. సెక్టర్ 9లోని జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రికి పోవువారైనను, మఱియొక చోటికి పోవువారైనను ఈ చీటీ లేక పోరాదు.

ఇక పురుషుల సంగతి. పురుషునకు మంట వచ్చినచో దాని వెనుక మఱియొక కారణము ఉండునేమో యని వైద్యులు వెదకుదురు. అందులో మొదటిది రాయి. నీరు తక్కువై మూత్రము చిక్కబడినచోట లవణములు పేరుకొని రాళ్ళగును. ఎండదేశములలో ఈ వ్యాధి హెచ్చు. ప్రక్కనుండి గజ్జలలోనికి జాఱు నొప్పి, మనిషిని కూర్చుండనీయదు, పరుండనీయదు. రాయి మూత్రాశయము దాపునకు దిగినపుడు మంటయు, మాటిమాటికి పోవలెననిపించుటయు మొదలగును. చరకుడు మూత్రకృచ్ఛ్రమును ఎనిమిది విధములుగా విభజించెను. సుశ్రుతుడు అశ్మరిని శస్త్రముతో తీయు విధానమును వర్ణించెను. అనగా ప్రాచీన వైద్యులు సైతము అన్ని మంటలను ఒక్క "వేడి"లో కట్టివేయలేదు! రాయికి ఉలవచారు, కొండపిండి కూర మంచివని తెలుగునాట నమ్మకము. భోజనములో ఉలవచారు రుచికరమే, కాదనువారు లేరు. చిన్న రాళ్ళు, 5 మిల్లీమీటర్లకు లోపువి, చాలవఱకు వానియంతట అవియే జాఱిపోవును. ఆ కీర్తి అప్పుడు ఉలవలకు దక్కును. పెద్ద రాయి ఉలవలకు లొంగదు. రాయితోపాటు జ్వరము వచ్చినచో, దారి మూసికొనిపోయి వెనుక చీము చేరుచున్నదేమో యను అనుమానముతో వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలెను. రాయి వచ్చినదని పాలు, పెరుగు మానివేయువారు కొందఱు. భోజనముతో తీసికొను సున్నపుధాతువు రాళ్ళను పెంచుటకు బదులు తగ్గించునని నేటి వైద్యము చెప్పుచున్నది.

ఏబది దాటినవారిలో ప్రోస్టేటు గ్రంథి పెరిగి దారిని నొక్కును. ధార సన్నగిల్లుట, రాత్రి నాలుగైదు మాఱులు లేచుట ముదిమి యలంకారములని సరిపెట్టుకొనుట వాడుక. లోపల నిలిచిన మూత్రమున సూక్ష్మజీవులు పెరుగును. ఒక్క చుక్కయు రాక, పొత్తికడుపు ఉబ్బి, ప్రాణము విలవిలలాడినచో తెల్లవాఱువఱకు ఆగరాదు. ఆ రాత్రియే గొట్టము వేయించుకొనవలెను. కొన్ని జలుబు మాత్రలు ఇట్టి స్థితిని తెచ్చిపెట్టగలవు గనుక పెద్దవారు వానిని అడిగి వాడుట క్షేమము.

పడుచువారిలో మంటతోపాటు చీము కాఱుచున్నచో అది సంపర్కముచే సంక్రమించు వ్యాధి కావచ్చును. దీనిని దాచుట సులభము, దాచి మాన్పుకొనుట అసాధ్యము. దంపతులిద్దఱును కలిసి చికిత్స పొందనిచో ఒకరినుండి ఒకరికి తిరుగుచునే యుండును. వైద్యుడు నీతిబోధకుడు కాడు. అడిగిన ప్రశ్నకు నిజము చెప్పినచో మందు ఇచ్చును, అంతియే.

మందు అనగానే మందుల దుకాణము గుర్తునకు వచ్చును. "మంటకు రెండు బిళ్ళలిమ్ము" అని అడుగుట, రెండు దినములలో మంట తగ్గినంతనే మానుట, మిగిలినవానిని మఱియొకరికి దాచి ఈయుట, ఈ మూడును మధ్యతరగతి పొదుపులు. 2014 మార్చినుండి అనేక ఆంటిబయాటిక్కులను చీటీ లేక అమ్మరాదనియు, అమ్మినదానిని పుస్తకమున వ్రాయవలెననియు నియమము కలదు. నియమము లేకున్నను వివేకము అదే చెప్పును. అరకొర మందునకు అలవాటుపడిన సూక్ష్మజీవి రెండవమాఱు అదే మందునకు లొంగదు. అందుచేతనే మాటిమాటికి వచ్చువారికి, గర్భవతులకు, పురుషులకు, జ్వరముతో నున్నవారికి మూత్రము కల్చరు పరీక్ష చేయుదురు. మొదటి మాత్ర మ్రింగక ముందే మూత్రము పట్టవలెను. మొదటి ధారను విడిచి నడిమి ధారను శుభ్రమైన సీసాలో పట్టి, గంట రెండు గంటలలోపల పరీక్షశాలకు చేర్చవలెను. ఇంటినుండి పాత మందుసీసాలో పట్టి తెచ్చినదానివలన వచ్చు ఫలితము వైద్యుని దారి తప్పించును.

ఇచ్చట తెలుగువారు గర్వింపదగిన సంగతి యొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలమున, ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడి యయ్యెను. ఆ యేడే సుబ్బారావు కన్నుమూసెను. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అది పెద్దన్న. ఆ కుటుంబములోనిదే యగు డాక్సీసైక్లిన్ నేటికిని, పైన చెప్పిన సంక్రమిక వ్యాధులలో కొన్నింటికి వైద్యులు వ్రాయు మందు.

వరుసగా మందులు వాడినను మంట పోక, కల్చరులో ఏ జీవియు కనబడక, మూత్రమున చీముకణములు మాత్రము కనబడుచున్నచో వైద్యులు క్షయను అనుమానింతురు. క్షయ ఊపిరితిత్తులకే పరిమితమను భావము సరి కాదు, మూత్రపిండములకును పట్టును. అట్టివారు వైద్యుని మార్చుచు పోక, పాత చీటీలన్నియు ఒక్కచోట చేర్చి ఒక్కరికే చూపుట మేలు.

ఇంతవఱకు చెప్పినదంతయు నొప్పి గల వ్యాధుల మాట. నొప్పి లేనివి రెండు కలవు, అవి మఱింత భయంకరములు. మొదటిది, నొప్పి లేక మూత్రమున నెత్తురు పడుట. ఒక్కమాఱు పడి మానినను, ముఖ్యముగా బీడీ సిగరెట్టు త్రాగు అలవాటు గల నడివయస్కులు దానిని చూపించుకొనవలెను. మూత్రాశయపు క్యాన్సరునకు అది తొలి గుర్తు కావచ్చును. రంగుల కర్మాగారములలో పనిచేయువారికి ఈ క్యాన్సరు ఎక్కువగా వచ్చుచున్నదని జర్మనీలో లుడ్విగ్ రేన్ అను శస్త్రవైద్యుడు 1895లోనే గుర్తించెను.

రెండవది ఉద్దానము కథ. శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస మొదలగు మండలములలో మూత్రపిండముల వ్యాధి ఎన్నో కుటుంబములను కూల్చినది. కొబ్బరి, జీడితోటల నడుమ పచ్చగా నుండు సీమ అది. అక్కడి వ్యాధికి ఏకైక కారణమిది యని పరిశోధకులు ఇంకను తేల్చలేదు. ఎండలో చాకిరి, శరీరమున నీరు తగ్గుట, త్రాగునీటిలోని పదార్థములు, ఇట్టివి పరిశీలనలో నున్నవి. 2023 డిసెంబరులో పలాసలో దీనికొఱకే ప్రత్యేక ఆసుపత్రి ప్రారంభమయ్యెను. ఛత్తీస్‌గఢ్‌లోను గరియాబంద్ జిల్లా సుపేబేడా గ్రామము ఇట్టి బాధకే పేరు మోసినది. ఈ వ్యాధిలో మంట పుట్టదు, నొప్పి పుట్టదు. కాళ్ళు ఉబ్బి, ఆకలి చచ్చి, ఆయాసము వచ్చునప్పటికి మూత్రపిండముల పని చాలవఱకు ముగిసియుండును. కావున మంట లేదు గదా యని ధైర్యపడుట ఉద్దానము మూలములు గల కుటుంబములకు చెల్లదు. రక్తమున క్రియాటినిన్, మూత్రమున ప్రోటీను, ఈ రెండు పరీక్షలు కొద్దిపాటి ఖర్చుతో అగును. రక్తపోటు, చక్కెర వ్యాధి కలవారును, ఆ సీమలో పుట్టి పెరిగి ఇక్కడ స్థిరపడినవారును వానిని ఏటేట చేయించుకొనవలెను. వేసవి సెలవులలో కవిటికో సోంపేటకో పోవువారు, అక్కడ నుండు తల్లిదండ్రులను కూడ ఆ పరీక్షలకు పిలుచుకొని పోవచ్చును. పాత ఫలితములు దాచియున్నచో వెంట తీసికొని పోవలెను, ఏలయన ఒక్క యేటి అంకె కంటె రెండేండ్ల అంకెలు ప్రక్కప్రక్కన చూచినప్పుడే వైద్యునికి సంగతి తెలియును.